దేవుడికిచ్చిన జీడిపండ్లు

పెర్సిస్ టీచరు గారికి షుగరొచ్చిందన్న సంగతి ఊరికి తెలిసింది డాక్టరు వల్ల కాదు, కూతురు క్రిస్టినా వల్ల. ఏలూరులో నర్సింగు చదువుతున్న ఆ పిల్ల శనివారం శనివారం బస్సు దిగి ఇంటికొచ్చేది. వచ్చీ రాగానే వంటింట్లో దూరి డబ్బాల మూతలు తీసి సోదా మొదలుపెట్టేది. ఈ పూతరేకులెవరిచ్చారు? ఈ నెయ్యి ఎక్కణ్ణుంచి వచ్చింది? అరుపులన్నీ గోడవతల పాపాయమ్మ చెవిన పడేవి. పాపాయమ్మ చెవిన పడిందంటే ఊళ్లో టముకు వేసినట్టే.

"కేలరీలు కేలరీలంటావు, అవేంటే అమ్మాయ్?" అని ఒకరోజు పాపాయమ్మే గోడ మీంచి తొంగిచూసి అడిగింది.

"పొయ్యిలో కట్టెలు లాంటివి మామ్మా. ఎంత వంటకి అన్ని కట్టెలు పెట్టాలి. మా మమ్మీ చారు కాచుకోడానికి పెళ్లివంట కట్టెలు ఎగదోస్తంది."

"అదా! మరి మా కాలంలో ఈ కట్టెలు లేవు గదమ్మా," అంది పాపాయమ్మ, టీచరు గారిని నిలువునా ఓసారి చూసి. పెర్సిస్‌కి ఒళ్లు మండింది. ముప్పయ్యేళ్లుగా ఆ కొల్లేటి గట్టు మీది పిల్లలకి అక్షరాలు దిద్దించిన మనిషి. ఆవిడ ముందు బడిపంతుళ్లు కూడా గట్టిగా మాట్లాడరు. అలాంటిది కన్నకూతురి ముందు నోరెత్తలేకపోవడం, అది గోడవతలకి కూడా వినిపించడం!

క్రిస్టినా పెట్టిన పద్ధతి ఇదీ. అన్నం సగానికి సగం తగ్గాలి. రోజుకో పండు, అదీ జామకాయో బొప్పాయి ముక్కో. మామిడిపండు, సపోటా పేరు ఎత్తకూడదు. బడి నుంచి రాగానే ఆకలికి జంతికలు నమలడం బంద్, వాటికి బదులు పప్పులు. నానబెట్టిన బాదంపప్పులు కొన్ని, ఉడకబెట్టిన వేరుసెనగలు కొన్ని, జీడిపప్పు పలుకులు ఏవో నాలుగు. వీటన్నిటికీ కొలత, క్రిస్టినాకి చంటితనంలో ఉగ్గు పట్టిన ఉగ్గుగిన్నె. అటక మీంచి దింపి, తోమి మరీ తల్లి చేతిలో పెట్టింది.

"ఇది దాటితే ఒప్పుకోను మమ్మీ. గుప్పెడు జీడిపప్పు తింటే మూడు ఇడ్లీలు తిన్నట్టే. పప్పులు మంచివే గానీ, మంచివని ఎన్నయినా తినేస్తే ఎలాగ?"

అలా కూతురికి తల్లి ఉగ్గు పెట్టిన గిన్నెలోంచే తల్లికి కూతురు పెట్టే రోజొచ్చింది. పెర్సిస్ బాదంపప్పులు మందుబిళ్లల్లా మింగేసేది. వేరుసెనగలు బడి కాగితాలు దిద్దుతూ తినేసేది. జీడిపప్పుల దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతిలో పని పక్కన పెట్టేది. ఒక్కో పప్పునీ రెండు బద్దలు చేసి, ఒక్కో బద్దనీ నాలిక మీద పెట్టుకుని, కళ్లు మూసుకునేది.

"ఏమే, అది జీడిపప్పా, ప్రభు భోజనమా?" అని నవ్వేవాడు భర్త క్రీస్తుదాసు. ఐసు ఫ్యాక్టరీలో గుమాస్తా పని చేసే ఆయనకి హాస్యం ఎక్కువ, ఆకలి ఇంకా ఎక్కువ.

ఆయనకేం తెలుసు! పుట్టింది పల్లంలో. తెలిసింది వరీ, చేపా, నీళ్లూ. ఆ చుట్టుపక్కల జనానికి జీడిపప్పంటే కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇచ్చేది, ఉప్మాలో కనిపిస్తే వెతుక్కునేది. దానికో చెట్టుందనీ, ఆ చెట్టుకో పండుందనీ, ఆ పండు కింద ముక్కుపుడకలా పిక్క వేలాడుతుందనీ చెబితే, "ఊరుకోండి టీచరు గారూ!" అంటారు. పెర్సిస్ మెట్ట పిల్ల. చింతలపూడి అవతల వాళ్ల నాన్న జీడిమామిడి తోటలో పెరిగింది. ఎండలు ముదిరేసరికి చెట్ల కింద ఎర్రగా, పచ్చగా పండ్లు రాలేవి. పిక్క మెలితిప్పి గంపలో వేసుకుని, పండుని అక్కడే పారేసేవాళ్లు కూలోళ్లు. పిక్కకి ధర, పండుకి ధర లేదు. అన్నయ్య ఎలీయాజరూ తనూ ఆ పారేసిన వాటిలోంచే ఏరుకుని, ఉప్పు అద్దుకుని తినేవాళ్లు. రసం మోచేతుల దాకా కారేది. తియ్యదనం వెనకే వగరు తరుముకొచ్చి గొంతు పట్టుకునేది. దగ్గుతూ, నవ్వుతూ ఇంకోటి.

ఆ పండు ప్రయాణం చెయ్యదు. పొద్దున కోస్తే సాయంత్రానికి మెత్తబడిపోతుంది, మర్నాటికి కల్లు వాసనేస్తుంది. అందుకే అది ఏలూరు బజారుకీ రాదు, తాడేపల్లిగూడెం మార్కెట్టుకీ రాదు. తినాలంటే చెట్టు దగ్గరికే పోవాలి.

చెట్టు దగ్గరికి పోవడానికి పెర్సిస్‌కి దారి లేదు. తనే మూసేసుకుంది.

తొంభై తొమ్మిదిలోననుకుంటా, ఎలీయాజరు ఆ తోట కొట్టించేసి పామాయిలు మొక్కలు వేశాడు. ఆయన తప్పేం లేదు, ఆ చుట్టూ అందరూ వేస్తున్నారు. జీడిచెట్లు ముసలివైపోయాయి, కాపు పడిపోయింది. అయితే చెల్లెలికి ఒక్క మాటైనా చెప్పలేదు. ఎండాకాలం సెలవులకి సంచి పట్టుకుని దిగిన పెర్సిస్‌కి తోట ఉండాల్సిన చోట వరసగా మొద్దులు కనిపించాయి. ఆ మొద్దుల మధ్య నిలబడి ఆవిడ అనకూడనివన్నీ అంది. "నాన్న చెట్లు కొట్టినోడివి నాకు అన్నయ్యవేంటి? ఈ గడప మళ్లీ తొక్కను," అని అదే బస్సుకి తిరిగొచ్చేసింది. కోపం ఎన్నాళ్లుంటుందండీ? ఏడాదికల్లా చల్లారిపోయింది. కానీ పంతం చల్లారదే! ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే. ఆయన పిలవలేదు, ఈవిడ వెళ్లలేదు. ఎనిమిదేళ్లు గడిచిపోయాయి.

ఉగ్గుగిన్నెలో ఆ నాలుగు పలుకులు వేసుకున్నప్పుడల్లా పెర్సిస్‌కి పండు గుర్తొచ్చేది. పండు వెనకే అన్నయ్య గుర్తొచ్చేవాడు. కడుపు సగం ఖాళీగా ఉంటే మనసు ఊరికే ఉండదు, ఎక్కడెక్కడివో తోడుతుంది. ఒక్క పండు, ఒకే ఒక్కటి మళ్లీ తింటే చాలనుకునేది. సాయంత్రం ప్రార్థనలో ఆ మాట నోటిదాకా వచ్చేది. దేవుణ్ణి పండు అడగడానికి సిగ్గేసి, లోకశాంతి అడిగి లేచేది.

రెండు వేల ఏడు, ఏప్రిల్ నెలాఖరు. రెండో పంట దాళ్వా కోతలయ్యాయి. ఆ ఆదివారం చర్చిలో కోత పండుగ. ఎవరింట్లో ఏది పండితే దాని ప్రథమ ఫలం తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధనయ్యాక వాటిని వేలం పాడతారు. వచ్చింది చర్చి ఖర్చులకి. ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు, బక్కెట్లో కొట్టుకుంటున్న కొర్రమేను, అన్నీ బల్ల చుట్టూ చేరాయి. వాటి మధ్య, తడిగుడ్డ కప్పిన ఓ గంప.

సంఘపెద్ద ఆ గుడ్డ తీశాడు. మూడో వరసలో కూర్చున్న పెర్సిస్‌కి ముందు వాసన తగిలింది. తర్వాత చూసింది. మోదుగాకులు పరిచి, పిక్కలు పైకి వచ్చేలా వరసగా పేర్చిన జీడిపండ్లు. వాళ్ల నాన్న అలాగే పేర్చేవాడు. ఎవరు పంపారో అడగనైనా అడగలేదు, అడగాల్సిన పని లేదు.

"క్రిస్టీ," అంది కూతురి చెయ్యి పట్టుకుని, "అదేనే ఆ పండు. ఎన్ని కేలరీలుంటాయే?"

"నా పుస్తకంలో లేదు మమ్మీ," అంది క్రిస్టినా. తల్లి మొహం చూసి మెత్తబడింది. "సర్లే, ఇవాళ్టి జామకాయ మానేసి ఒకటి తిను. ఒక్కటే."

పెర్సిస్ సంచిలో ఉన్న జామకాయ తీసి పక్కనున్న పాపాయమ్మ ఒళ్లో పెట్టేసింది.

వేలం మొదలైంది. ఆ సంఘంలో ఇంకో మర్యాద కూడా ఉంది. పాట దక్కించుకున్నవాళ్లని పెద్ద అడుగుతాడు, "ఇంటికా, దేవునికా?" అని. ఇంటికి అంటే పట్టుకుపోవచ్చు. దేవునికి అంటే ఆ వస్తువు తిరిగిచ్చేసినట్టు. మళ్లీ వేలానికొస్తుంది. కలిగినవాళ్లు, పరువు గలవాళ్లు దేవునికే అంటారు. టీచరు గారు ఏటా ఓ గుమ్మడికాయ పాడి, ఏటా దేవునికే అనేది. ఇంటికి ఓ వంకాయైనా పట్టుకెళ్లి ఎరగదు.

గంప వంతు వచ్చింది. మొదట ఎవరూ పాడలేదు. "ఇవేం కాయలండీ బాబూ!" అని నవ్వులు. పెర్సిస్ లేచి పాడింది. వేడుక చూడ్డానికొచ్చిన చేపల వ్యాపారి బంగార్రాజు గారు సరదాకి పై పాట పాడారు. టీచరు గారు ఇంకా పైకి వెళ్లారు. ఆయన మీసం దువ్వి మళ్లీ పాడారు. ఈవిడ ఇంకా పైకి. క్రీస్తుదాసుకి పొలమారింది. జనం గుసగుసలు మానేసి చూస్తున్నారు. పర్సులో ఉన్నదంతా పలికేసింది పెర్సిస్. బంగార్రాజు గారు నవ్వి దణ్ణం పెట్టేశారు.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి! టీచరు గారిదండీ! అమ్మా, ఇంటికా, దేవునికా?"

"దేవునికేనండి," అంది పెర్సిస్.

ముప్పయ్యేళ్ల అలవాటు. నోరు అనేసింది. మనసు వెనకాల పరిగెత్తుకొచ్చేసరికి చప్పట్లు మోగిపోతున్నాయి, పాస్టరు గారు స్తోత్రం చెబుతున్నారు. నోరా, వీపుకి చేటు తేకే అని ఊరికే అన్నారా! కాదండీ, పొరపాటున అన్నానండీ అందామని పెదవి కదిపింది. దేవుడికిచ్చింది వెనక్కి తీసుకోకూడదని సండే స్కూల్లో పిల్లలకి నేర్పింది తనే. ఆ పిల్లలంతా ముందు వరసలో కూర్చుని తన వంకే మెరిసే కళ్లతో చూస్తున్నారు. అలాగే కూలబడిపోయింది. రెండోసారి పాటకి పర్సులో ఏం లేదు. ఇంకెవరూ పోటీ రాలేదు, గంప బంగార్రాజు గారికి పోయింది. ఆయన దాన్ని బయటికి పంపి పిల్లలకి పంచిపెట్టించారు.

ఆవిడ బయటికొచ్చేసరికి అంతా అయిపోయింది. పిల్లలు ఒక్కో కొరుకు కొరికి, "థూ, వగరు!" అని ఉమ్మేసి, పిక్కలు మాత్రం జేబుల్లో వేసుకుని పోయారు. ఇసకలో ఎక్కడ చూసినా కొరికిన పండ్లే. వాటి మధ్య నిలబడిపోయింది పెర్సిస్. ఎవరూ చూడకపోతే వంగి ఒకటి తీసుకునేదే. అందరూ చూస్తున్నారు, అందరూ వందనాలు చెబుతున్నారు.

అప్పుడొచ్చాడు బుల్లిరాజు. పామాయిలు గెలలు తోలే వ్యాను డ్రైవరు, చింతలపూడి వైపు మనిషి. చేపల లోడు కోసం ఇటొస్తుంటాడు.

"గంప నేనే తెచ్చానండి. ఎలీయాజరు గారు పంపారు. చీకటితో కోసి ఇచ్చారండి. పేరు చెప్పొద్దన్నారు."

"ఏ తోటవి? తోట కొట్టేశారుగా?"

"ఒక్క చెట్టుందండి, బోరు షెడ్డు పక్కన. అది కొట్టనివ్వలేదండి ఆయన, చిన్నప్పుడు మీరెక్కే చెట్టంట గదా. ఇంటికి పంపితే మా చెల్లి తిప్పి పంపేస్తది, అదే దేవుడికి పంపితే తిప్పి పంపలేదు గదరా, అన్నారండి."

పెర్సిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిప్పి పంపనే పంపింది, అందరి ముందూ, చప్పట్ల మధ్య!

ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి ఏలూరు వెళ్లి చింతలపూడి బస్సెక్కింది. "నేనూ రానా?" అన్నాడు క్రీస్తుదాసు. వద్దంది. క్రిస్టినా ఉగ్గుగిన్నెలో జీడిపప్పులు కొలిచి, మూత కట్టి తల్లి సంచిలో పెట్టింది.

పామాయిలు తోట మధ్య, బోరు షెడ్డు పక్కన ఆ చెట్టొక్కటే వంగి ఉంది. దాని కింద నులకమంచం మీద ఎలీయాజరు. సగమైపోయాడు. చొక్కా ఎవరిదో తొడుక్కున్నట్టుంది.

"ఒసే పెర్సీ!" అని మెల్లగా లేచి కూర్చుని నవ్వాడు. "గడప తొక్కనన్నావుగా?"

"ఇక్కడ గడపేది? చెట్టు కిందకొచ్చాను," అంది. అనేసి మంచం పట్టె మీద కూర్చుని భోరున ఏడ్చింది. ఎలీయాజరు ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయాడు. నీకు చెప్పకుండా కొట్టించాను, నాదే తప్పు, అన్నాడు. నువ్వు కొట్టిన చెట్లకన్నా నేనన్న మాటలే ఎక్కువ, అంది.

కాసేపటికి ఆవిడ తలెత్తి కొమ్మల్లోకి చూసింది. ఆకులే.

"పండినవన్నీ నీకే కోసేశాను," అన్నాడు ఆయన. "ఆఖరు కాపు. ఇంక మళ్లీ ఏడే." ఆ మాట అని చిన్నపిల్లాడిలా ముందుకి వంగాడు. "ఎలా ఉన్నాయే? అదే రుచా?"

పెర్సిస్ ఆ కళ్లలోకి చూసింది. అబద్ధమాడకూడదని ముప్పయ్యేళ్లు పిల్లలకి చెప్పిన నోరు.

"అదే రుచి అన్నయ్యా. వగరు ఏమాత్రం తగ్గలేదు. రసం మోచేతుల దాకా కారింది."

ఎలీయాజరు మొహం వెలిగిపోయింది. "తిన్నావు గదా, అంతే చాలు. నేనొక్కటీ ముట్టుకోలేదే. దేవుడికిచ్చేది ఎంగిలి చెయ్యకూడదు గదా. అదీగాక నాకూ షుగరంట, పండూ పప్పూ లెక్క చూసుకోమన్నారు." నాక్కూడానన్నట్టు పెర్సిస్ తన మీద చెయ్యేసుకుంది. "నీకూనా? పోన్లే, నాన్న ఆస్తి ఇద్దరికీ సమానంగా వచ్చింది."

ఇద్దరూ నవ్వారు. పెర్సిస్ సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసి మూత విప్పింది. ఏలూరు కిరాణా కొట్లో కొన్న జీడిపప్పులు, నాలుగు. అన్నయ్యకి రెండు ఇచ్చి తను రెండు తీసుకుంది. ఆ ఒంటి జీడిచెట్టు కింద కూర్చుని, బద్దా బద్దా విడదీసుకుని, తొందరపడకుండా తిన్నారు.

"అన్నయ్యా," అంది పెర్సిస్ ఖాళీ గిన్నె కొంగుతో తుడుస్తూ, "వచ్చే ఏడు మాత్రం దేవుడికి పంపకు. నేనే వస్తాను."