మేకు మీది ఇత్తడి టోకెన్

మా యూనివర్సిటీ కంప్యూటర్ విభాగం సారు పోయారని ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. చర్చికి బయల్దేరుతూ గడపలోనే కూలబడ్డారట. నేను అప్పుడు సంగటి కెలుకుతున్నాను. తెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. సంగటి అడుగంటింది.

ఆయనది కేజీఎఫ్. వాళ్ల నాయన బంగారు గనిలో పనిచేశారు. దిగేటప్పుడు ఎవరి ఇత్తడి టోకెన్ వాళ్లు బోర్డు మీంచి తీసుకుని, పైకొచ్చాక మళ్లీ మేకుకు తగిలించేవారట. మేకు ఖాళీగా ఉంటే ఇంకా ఒకరు లోపల ఉన్నట్టే. గని మూతపడింది గానీ నాయన టోకెన్ ఇంట్లో ఉండిపోయింది. సారు దాన్ని ఆఫీసులో తన కుర్చీ వెనక గోడకు తగిలించుకున్నారు. పెద్ద పని మొదలైతే తీసి జేబులో వేసుకునేవారు. పని ముగిశాకే మళ్లీ మేకుకు.

ఇంట్లో కూర్చుని యూనివర్సిటీ లైబ్రరీ పత్రికలు చదువుకునే పాత వీపీఎన్ తీసేసి కొత్తది పెట్టిన ఏడాది ఆ టోకెన్ చాలా రోజులు జేబులోనే ఉంది. కొత్తదానికి ఫోన్‌లో కోడ్ రావాలి. ఒక పెద్ద ప్రొఫెసర్ బెంగళూరులో ఉన్న కొడుకు నంబరు ఇచ్చి, ఇక్కడ కోడ్ రాలేదని చిందులు తొక్కారు. "మీ చెప్పులు కొడుకు కాళ్లకేసి, మీరు యాడికి నడుస్తారు సార్?" అన్నారు మా సారు. ప్రొఫెసరుకే నవ్వొచ్చింది.

నేనప్పుడు బాలింతను. కామసముద్రంలో మా అమ్మ ఇంట్లో ఉన్నాను. థీసిస్ ఇవ్వడానికి అదే ఆఖరి నెల. శుక్రవారం పాత వీపీఎన్ మూసేస్తారు, కొత్తదేమో నాకు తెరుచుకోదు. ఇన్నేళ్ల చదువు గంగలో కలిసినట్టేనని ఫోన్లో ఏడ్చేశాను.

"ఏడవద్దమ్మా. నువ్వింగా లోపలే ఉండావు కదా, నేనెట్ల మూస్తాను?" అన్నారు.

పైఅధికారి ఊరుకోలేదట. "ఒక్క మనిషి కోసరం ఎందుకప్పా?" అన్నాడట. "ఆ ఒక్కరు మీ ఇంటోళ్లయితే మూస్తారా సార్?" అన్నారట ఈయన. ఆఫీసులో ఆయన పక్క సీటు అమ్మాయి తర్వాత చెప్పింది.

మర్నాడు బస్సెక్కి మా ఊరొచ్చారు. మా ఇంట్లో సిగ్నల్ దొరికేది పట్టుపురుగుల షెడ్డులో ఒక్కచోటే. పురుగులు పొర విడవడానికి నిద్రపోతున్నాయి. "గట్టిగా మాట్లాడద్దప్పా, పురుగులు జ్వరానికి కూసున్నాయి" అని మా అమ్మ ఆంక్ష పెట్టింది. పాపం ఆయన మల్బరీ ఆకుల మధ్య స్టూలు మీద కూర్చుని, పాసువర్డ్ దగ్గర్నుంచి అంతా గుసగుసగానే చెప్పారు. మొదటి పత్రిక తెరుచుకున్నప్పుడు నేను కేక పెట్టబోతే నోటిమీద వేలేసుకున్నారు.

"ఇంగ పోయి మేకుకు తగిలిస్తానమ్మా" అంటూ లేచారు. మా అమ్మ వదిలితేనా! సంగటి, చారు తిన్నాకే బస్సు. నా థీసిస్ గడువులోపలే చేరింది. ఇవాళ నేను అదే యూనివర్సిటీలో పాఠం చెబుతున్నాను.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక ఆయన భార్య నా చేతిలో టోకెన్ పెట్టింది. "చొక్కా జేబులో ఉన్నింది. ఏదో పని మొదలుపెట్టినారంట. ఇది యాడుండాలో నీకు తెలుసు కదమ్మా?"

తెలుసు. కానీ వెంటనే తగిలించలేదు. ఆయన మొదలుపెట్టిన పని, ఈసారి హాస్టల్ పిల్లల ఖాతాల్ని కొత్త సర్వరుకు మార్చడం, సగంలో ఉంది. పక్క సీటు అమ్మాయి ఆ వారమంతా కళ్లు తుడుచుకుంటూనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. సెలవులకు ఇంటికి పోయిన చివరి పిల్లాడు బేతమంగళ నుంచి, "కోడ్ వచ్చింది మేడమ్, తెరుచుకుండాది" అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. నేను సంచిలోంచి టోకెన్ తీసి ఆయన కుర్చీ వెనక మేకుకు తగిలించాను. అది గోడకు ఒకసారి తగిలి, కాసేపు ఊగి, ఆగింది.