అత్తమ్మ పేరు మీద వచ్చిన ఎండపెట్టె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనివ్వండి. ఆ కోపమే లేకపోతే ఎనభైల మొదట్లో తాండూరులోని మా వాకిట్లోకి ఎండతో అన్నం వండే పెట్టె వచ్చేదే కాదు.

నా పుట్టిల్లు వికారాబాదు, మెట్టినిల్లు తాండూరు. మా ఆయన బండలు పాలిష్ చేసే చోట గుమాస్తా. ఇంట్లో ఆయన, నేను, అత్తమ్మ. నేను మిషను మీద రవికలు కుట్టేదాన్ని. పైసల కోసమే కుట్టానంటే అబద్ధమవుతుంది. మిషను చక్రం తిరుగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. దసరా ముందు మా గుమ్మంలో రవికముక్కలు పట్టుకుని ఆడవాళ్లు బారులు తీరేవాళ్లు.

ఆ సంబరానికి మా పొయ్యి అడ్డుపడింది. కిటికీ లేని వంటిల్లు, కందికట్టె మంట. వంట అయ్యేసరికి నా కళ్లు ఎర్రబడి ధారలు కారేవి. ఆ తర్వాత కుట్టుకు కూర్చుంటే, గుండీలు కుట్టే చేతిసూది బెజ్జం కూడా కనిపించేది కాదు. గోడ అవతల ముస్లింల ఇంటి పెద్దావిడను నేను ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచేదాన్ని. ఆవిడకే సూది ఇచ్చి దారం ఎక్కించమనేదాన్ని. "లా బేటీ, లా" అంటూ ఆవిడ చెయ్యి చాచి, నవ్వుతూనే ఎక్కించి ఇచ్చేది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దావిడ నా సూదికి దారం ఎక్కించి ఇవ్వడమేమిటని నాకు తల కొట్టేసినట్టుండేది.

వికారాబాదు వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించుకున్నాను. పొగకు దూరంగా ఉండకపోతే ఇక కుట్టుపని మరిచిపోవాల్సిందేనని ఆయన చెప్పాడు. తిరుగు రైల్లో తాండూరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పొయ్యిని బయటికి మారుద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. అది వాళ్లత్త చేతులతో వేసిన పొయ్యట.

ఒకరోజు మా ఆయన పంచాయతీ సమితి ఆఫీసు నుంచి కబురు తెచ్చాడు. ఎండతో వండే పెట్టెలు చూపిస్తున్నారట, కొనేవాళ్లకు ధరలో కొంత సర్కారే భరిస్తుందట. అడవిలో కట్టెలు కొట్టకుండా ఉండేందుకు ఆ రాయితీ అట. "పోదాం పద" అన్నాను. "జర ఆలోచిద్దం" అన్నాడాయన. నా ముఖం చూసి వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు.

అత్తమ్మను కూడా తీసుకుపోక తప్పలేదు. ఇల్లు ఆమె పేరు మీద ఉంది కాబట్టి దరఖాస్తూ ఆమెదే కావాలట. ఆఫీసు ముందు ఎండలో ఒక రేకుపెట్టె, దానికి అద్దాల మూత, ఆ పైన మొహం చూసుకునేంత పెద్ద అద్దం. లోపల నల్లరంగు వేసిన గిన్నెలు. ఆఫీసరు అందులో వండిన అన్నం అందరికీ తలా పిడికెడు పెట్టాడు. నేను తిన్నాను. అత్తమ్మ చెయ్యి చాచలేదు.

"ఎండ మా ఇంట్ల మస్తుగ పడ్తది. దానికి సర్కారు పైసలిచ్చుడేంది?" అని అడిగింది.

"ఎండకు గాదమ్మా, పెట్టెకు" అన్నాడు ఆఫీసరు.

"నేను దౌల్తాబాద్ దిక్కు బతుకంత ఎండల్నే గొర్లు గాసిన. ఎండకు నా తలకాయ ఉడికింది గని బువ్వెన్నడు ఉడకలే" అంది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమని నవ్వారు. అయినా కొడుకు బతిమాలితే వేలిముద్ర వేసింది. నెల తిరక్కుండానే పెట్టె ఇంటికొచ్చింది.

ఇక అప్పటి నుంచి అత్తమ్మ చేష్టలు చూడాలి. సర్కారు తన పేరు మీద పంపిన వస్తువు కదా, కోడిని దాని దగ్గరికి రానిచ్చేది కాదు. ఖాలా ఆ అద్దంలో తల దువ్వుకోబోతే, "వెంట్రుకలు పడ్తయి, దూరం జరుగు" అని తరిమింది. రోజూ కొంగుతో తుడిచేది. ఎండ జరిగినప్పుడల్లా తనే లేచి పెట్టెను తిప్పేది. అందులో వండిన మెతుకు మాత్రం ముట్టేది కాదు.

"అగ్గి తగలని బువ్వ పచ్చిదే. పచ్చిది నేను తినను" అనేది.

"గింత మెత్తగ ఉడికింది, పచ్చిదెట్లయితది?" అని నేను మెతుకు నలిపి చూపించేదాన్ని.

"మెత్తగైతే అయింది. అగ్గి తగిలిందా?"

పెట్టెలో మా ఇద్దరికీ వండి, మళ్లీ ఆమె ఒక్కదాని కోసం పొయ్యి అంటించాల్సి వచ్చేది. ముగ్గురికి వండినా ఒక్కరికి వండినా పొగ పొగే. ఒకనాడు తిక్క రేగి, "అట్లయితే నువ్వే వండుకో" అన్నాను. ఆమె వెళ్లి పొయ్యి ముందు కూర్చుంది. లోపలి నుంచి దగ్గు వినిపించింది. రెండు నిమిషాలు బిగబట్టుకున్నాను. మూడో నిమిషంలో వెళ్లి ఆమె చేతిలోని ఊదుగొట్టం లాక్కున్నాను.

ఇలా ఉండగా శివరాత్రి వచ్చింది. మేమందరం ఉపవాసమే అయినా సాయంత్రం ఉడికించిన కందగడ్డలు, అదే చిలగడదుంపలు, తింటాం. అత్తమ్మది గట్టి నేమం. తెల్లారేదాకా అగ్గి తగిలిందేదీ నోట్లో పెట్టదు. ఆ రోజు పొయ్యి పని లేదు కాబట్టి నా కళ్లకూ పండగే. మధ్యాహ్నం మా కోసం పెట్టెలో కందగడ్డలు పెట్టాను. అత్తమ్మ ఎప్పటిలాగే పక్కన కాపలా కూర్చుని ఎండ వైపు తిప్పుతూ ఉంది.

పొద్దు వాలుతుండగా మూత తీశాను. తీపి వాసన గుప్పున వాకిలంతా కమ్మింది. గడ్డల తొక్కలు పగిలి పాకం కారుతోంది. అత్తమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. కాసేపటికి మళ్లీ ఇటు తిప్పింది.

"పిల్లా, వీటికి అగ్గి తగలలే గద?"

నాకు లోపల నవ్వు పొంగుకొచ్చింది. పెదవి కొరుక్కుని, "లేదత్తమ్మా" అన్నాను.

"అయితే పచ్చియే గద?"

"పచ్చియే అత్తమ్మా. చెట్టు మీది జామకాయ ఎంతనో గివి గూడ గంతే."

మూడు గడ్డలు తింది. మా ఆయన తలుపు చాటుకు పోయి కడుపు పట్టుకుని నవ్వాడు. ఖాలా గోడ మీదుగా చూసి, "అక్కా, కచ్చా గడ్డ బాగున్నదా?" అని అడిగితే, నాలుగోది ఆమె చేతిలో పెట్టి నోరు మూయించింది. తర్వాత ఏమీ ఎరగనట్టు జాగారానికి గుడికి వెళ్లిపోయింది.

మరునాడు ఉపవాసం విడిచేందుకు ఆమెకు వేడన్నం పెట్టాలి. అలవాటు కొద్దీ అగ్గిపెట్టె పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి తడిగా ఉంది. ఎర్రమట్టితో అలికి, పైన ముగ్గు కూడా వేసి ఉంది. అది ఆరేదాకా ముట్టించడానికి లేదు.

బయటికి పరుగెత్తాను. నిద్ర లేని కళ్లతో అత్తమ్మ వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుని జొన్నరొట్టెలు కాలుస్తోంది. పెట్టె అద్దం తూర్పుకు తిరిగి ఉంది. లోపల గిన్నెలో కడిగిన బియ్యం, నీళ్లు.

"గిదేందత్తమ్మా? అది పచ్చి బువ్వ గద!"

ఆమె రొట్టె తిప్పుతూనే మాట్లాడింది. "పచ్చి గడ్డ గంత మెత్తగుంటదా పిల్లా? నిన్న నేను తిన్నది ఉడికిందే. నాకు తెల్వదా? శివయ్యతోని నేను మాట్లాడుకుంట తియ్యి. రొట్టెలు ఇగ నేనే బయట కాలుస్త. నువ్వు లోపట పొయ్యి ముట్టియ్యకు."

నేను అగ్గిపెట్టె కొంగున ముడేసుకుని గడప మీద చతికిలబడ్డాను. ఆమె లేచి తన పాత రవిక తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"చంక కాడ పిగిలింది. కుట్టు."

మాకు రొట్టెలు పెట్టి, తను మాత్రం ముట్టకుండా పెట్టె పక్కన కూర్చుంది, అందులో అన్నం ఉడికేదాకా. ఎదురుగా గడప మీద కూర్చుని నేను సూది తీసి దారం కొస తడిచేశాను. మొదటిసారి తప్పింది. గోడ అవతల ఖాలా చెయ్యి చాచింది. వద్దని తలూపి మళ్లీ గుచ్చాను, ఎక్కింది.