నలభైని డెబ్బై చేసిన మేష్టారు

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి సన్యాసిరావు గమ్‌బూట్లతోనే మా ప్లానింగ్ గదిలోకి వచ్చేశాడు. ఫ్యాక్టరీలో పైపులూ ట్యాంకులూ కడిగే ఆపరేటరు అతను. తడి బూట్లతో ఆఫీసు గడప తొక్కే మనిషి కాడు. గచ్చు మీద నీళ్ళ అడుగులు చూసి, ఏ పంపో ఆగిపోయిందనుకుని లేచాను.

"మేస్టారు ఎల్లిపోయేరమ్మా" అన్నాడు. "పొద్దున్నే టీ తాగేరట. కుర్చీలో అలాగే వాలిపోయేరట."

 అద్దాల కిటికీ అవతల మామిడి రసం సీసాలు వరసగా పోతూనే ఉన్నాయి.

ఆయన మీలో చాలామందికి తెలిసే అవకాశం లేదు. అనకాపల్లి దాటాక హైవే పక్కన, పళ్ళరసాలూ బాదంపాలూ సీసాల్లో నింపే ఓ మధ్యరకం ఫ్యాక్టరీ మాది. అది పెట్టిన రోజు నుంచి, ఎప్పుడు ఏ రసం నింపాలో, దేని తరవాత ఏది రావాలో నిర్ణయించిన మనిషి ఆయన. ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. రోజూ పొద్దున్న గేటు లోపల నల్లబోర్డు మీద ఆ రోజు పని సుద్దముక్కతో రాసేవారు కాబట్టి అందరికీ మేష్టారయ్యారు. చదివింది పదో తరగతి. నాకు తెలిసి మా ఫ్యాక్టరీలో ఆయనంత చదువుకున్నవాళ్ళు లేరు.

ఆ పని బయటికి కనిపించేంత తేలిక కాదు. నిమ్మ తరవాత మామిడి, మామిడి తరవాత ద్రాక్ష. లేత రంగు నుంచి ముదురు రంగుకి వెళ్తే మధ్యలో నీళ్ళతో కడిగితే చాలు. ద్రాక్ష నుంచి మళ్ళీ నిమ్మకి రావాలన్నా, బాదంపాల నుంచి దేనికి రావాలన్నా కాస్టిక్ సోడాతో ఓసారి, వేడినీళ్ళతో ఓసారి మొత్తం కడగాలి. బాదం పడనివాళ్ళు మా నిమ్మరసం ధైర్యంగా తాగగలగాలి. ఇదికాక మామిడి గుజ్జు ట్యాంకరు రావాలి, సీసాలుండాలి, మూతలుండాలి, కరెంటుండాలి. ఇదంతా ఆయన బుర్రలో ఉండేది. ఆయనకి జ్వరమొస్తే ఫ్యాక్టరీకి జ్వరమొచ్చినట్టే.

ఆ బుర్రలో ఉన్నదాన్ని కంప్యూటరులోకి ఎక్కించమని నన్ను తీసుకున్నారు. బల్లనంతా ఆక్రమించే లావు మానిటర్ల రోజులవి. ఆర్డర్లు, సరుకు, యంత్రాల వేగం, కడగడానికి పట్టే సమయం, ఇవన్నీ ఇస్తే వారం రోజుల పనిని తనంతట తానే వరసగా పేర్చే సాఫ్ట్‌వేర్‌ని కంపెనీ కొంది. నాకున్న అనుభవమల్లా హైదరాబాదులో పది రోజుల ట్రైనింగు. "ఆ ముసలాయన నిన్ను దగ్గరికి రానివ్వడు" అని ముందే నలుగురూ భయపెట్టారు.

మొదటి రోజు ఆయన బల్ల ముందు నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఏటమ్మా, నిలబడే నేర్పిత్తావేటి నాకు?"

"నేను మీ దగ్గర నేర్చుకోడానికి వచ్చాను సార్."

"అయితే ఇద్దరం కూకుందాం" అని కుర్చీ లాగారు. స్టీలు ఫ్లాస్కులోంచి టీ ఒంపి, గ్లాసు నాకిచ్చి, మూత తను తీసుకున్నారు. తరవాత ఆ గదిలో మేమిద్దరం కలిసి పనిచేసినంత కాలం ఆ పంపకం మారలేదు.

"ముందు ఓ మాట సెప్పు. నీ మిషను వారం ముందే పని సెప్పగలదా, సెప్పలేదా?"

"చెప్పగలదు సార్. ఎందుకు?"

ఆయన కిటికీలోంచి గేటు వైపు చూపించారు. ప్యాకింగులో పనిచేసే ఆడవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చేవారు. ఆ రోజు పని ఉందో లేదో వాళ్ళకి తెలిసేది గేటు దగ్గర బోర్డు చూశాకే.

"నూకరత్నమని ఉంది. దేవరాపల్లి నుంచి వత్తాది. పాలు తాగే పిల్లని అత్త కాడ ఒగ్గీసి వత్తాది. గుజ్జు ట్యాంకరు రాలేదనుకో, 'లైను లేదు' అని రాసేత్తాను. అది సదువుకుని, ఓ మాటనకండా ఎనక్కి తిరిగి ఎల్లిపోతాది. నన్ను తిట్టినా బాగుణ్ణు. తిట్టదు. ఆ మొకం నేను రోజూ సూడలేకపోతన్నానమ్మా. నా బుర్రకి రేపటి వరకే అందుతాది. నీ మిషనుకి వారం అందితే, నా బుర్రలో ఉన్నదంతా తీసుకో."

తన పదవిని తన చేతులతో అప్పగిస్తున్నానని ఆయనకి తెలుసు.

మూడు నెలలు కూర్చున్నాం. ఏది అడిగినా చెవి మీది పెన్సిలు తీసి, ఒక్క నిమిషమని లైను దగ్గరికి నడిచి వెళ్ళి, కళ్ళతో చూసి వచ్చి చెప్పేవారు. మూతల యంత్రం వేగం పుస్తకంలో ఒకటుంటే ఆయన చెప్పింది వేరొకటి. కొలిస్తే ఆయన చెప్పిందే నిజమయ్యేది. వెచ్చటి సీసాని అరచేతి వెనకవైపుతో తాకి ఎన్ని డిగ్రీలుందో చెప్పేవారు. మౌసు మాత్రం ఆయనకి లొంగలేదు. బల్ల అంచు దాకా జరిపి, ఇంక చోటు లేక దాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకుని "ఇప్పుడేటి సెయ్యాలి?" అనేవారు.

సాఫ్ట్‌వేర్ మొదలెట్టిన వారం నా జీవితంలో పొడుగాటి వారం. తెర మీద ప్లాను ముగ్గులా ఉండేది. మధ్యాహ్నం భోజనాల వేళకి చెదిరిపోయేది. ఒక రసం మొదలవ్వాల్సిన వేళకి ఇంకా ట్యాంకులు కడుగుతూనే ఉండేవారు. హైదరాబాదుకి ఫోను చేస్తే, "ప్రోగ్రాం కరెక్టేనండీ, మీవాళ్ళే స్లో" అన్నారు. ప్రొడక్షన్ మేనేజరు ఆ మాట పట్టుకున్నారు. పూర్తి వాష్‌కి కంప్యూటరులో నలభై నిమిషాలని ఉంది, నలభైలో అయిపోవాల్సిందే అని ఆర్డరేశారు.

అయిదో రోజు బాదంపాల తరవాత నిమ్మరసం. వాష్ సరిగ్గా నలభై నిమిషాల్లో అయింది. నేను సంబరపడ్డాను. కాసేపటికి ల్యాబులో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది. మొదటి సీసాల్లోనే బాదం ఆనవాళ్ళున్నాయి. లైను ఆపేశారు. అప్పటిదాకా నింపిన నిమ్మరసం అంతా పారబోశారు. ఒక్క సీసా కూడా గేటు దాటలేదు.

మర్నాడు మీటింగు. సన్యాసిరావు తలుపు పక్కన నిలబడ్డాడు. అతన్ని పనిలోంచి తీసేసే కాగితం టైపు చేసి మేనేజరు ముందు సిద్ధంగా ఉంది.

"ఆఖరి వేడినీళ్ళు ఎందుకు తగ్గించావు?"

"నలభై నిమిసాల్లో అవ్వాలన్నారు సార్. అవగొట్టేను."

"పదిహేనేళ్ళ లాగ్‌బుక్కులున్నాయి. అన్నిట్లోనూ నలభైయే ఉంది. ఇన్నాళ్ళు అయిన పని ఇప్పుడెందుకు అవట్లేదు?"

అప్పుడు మేష్టారు లేచారు.

"ఆ నలభై నా రాత సార్" అన్నారు. "మిషను బిగించినోళ్ళు కాయితం మీద నలభై అని ఇచ్చేరు. మొదటిరోజే డెబ్బై పట్టింది. డెబ్బై అని రాసేను. అప్పటి పెద్దసారు పుస్తకం నా మొకం మీదకి ఇసిరేరు. మర్నాటి నుంచి నలభై అనే రాసేను. నన్ను సూసి సిఫ్టులోళ్ళందరూ అదే రాసేరు. బోర్డు మీద మాత్రం తరవాత పనిని అరగంట ఆలీసంగా రాసుకునేవోణ్ణి. ఎవలికీ తెల్లేదు. ఈ పాప అడిగినప్పుడూ నోటికి నలభైయే వచ్చీసింది. మిషను నా అంత దొంగది కాదు కదా, నమ్మీసింది. సన్యాసిరావుని ఏటీ అనకండి. ఆ కాయితం మీద నా పేరు రాయండి."

మేనేజరు చాలాసేపు లాగ్‌బుక్కు పేజీలు తిప్పారు. చివరికి, కొలిచి చూపించండి అన్నారు.

దాచకుండా చెప్పాలి. ఆ రోజు నాకు ఆయన మీద కోపం వచ్చింది. మూడు నెలలు ప్రతి అంకెనీ నడిచి వెళ్ళి చూసొచ్చిన మనిషి, అసలైన అంకె దగ్గర నాకు అబద్ధం చెప్పారు. ఎవరికైనా ఏదైనా అయి ఉంటే? టీ గ్లాసు ముట్టుకోలేదు. ఆయన వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. మొదటి రోజు నేను నిలబడినట్టే.

"నిన్ను బద్నాం సేసేనమ్మా. దెబ్బ తగిలేదాకా అది అబద్ధమని నాకే గుర్తు లేదు. రోజూ రాత్తే అబద్ధం కూడా చేతికి అలవాటైపోతాది." నా నోట్‌బుక్కు తీసి చేతికిచ్చి, "తెల్దు అనడానికి సిగ్గక్కర్లేదు. తెలిసినట్టు రాయడానికి సిగ్గుపడాల. పద, కొలుద్దాం" అన్నారు.

ల్యాబులోంచి స్టాప్‌వాచీ తెచ్చుకుని, మూడు రోజులు ఆవిరిలో, కాస్టిక్ వాసనలో ముగ్గురం నిలబడ్డాం. సన్యాసిరావు వాల్వు తిప్పేవాడు, మేష్టారు కేకేసేవారు, నేను రాసేదాన్ని. అన్ని వాష్‌లూ డెబ్బైకి అటూ ఇటూగానే వచ్చాయి. అక్కడితో ఊరుకోలేదు. లేబుళ్ళ చుట్ట మార్చడం దగ్గర నుంచి ఫిల్టరు బిగించడం దాకా, నేను కంప్యూటరుకి ఇచ్చిన ప్రతి అంకెనీ మళ్ళీ కొలిపించారు. మూడోరోజు సాయంత్రం ఫ్లాస్కు మూత తీస్తుంటే నేనే గ్లాసు ముందుకి జరిపాను.

సన్యాసిరావు ఉద్యోగం నిలిచింది. మేష్టారికి మెమో వచ్చింది. సంతకం పెట్టి, తనకో కాపీ కావాలని అడిగి మరీ తీసుకున్నారు. "నిజం సెప్పినందుకు రసీదు" అని జేబులో పెట్టుకున్నారు.

నిజం అంకెలు అందాక సాఫ్ట్‌వేర్ పనితనం తెలిసింది. డెబ్బై నిమిషాల వాష్ ఎంత ఖరీదైనదో దానికి అర్థమైనట్టు, బాదంపాలన్నీ వారం చివరికి చేర్చింది, ద్రాక్షకీ నిమ్మకీ మధ్య తిరుగుళ్ళు మాన్పించింది. వారంలో కడుగుళ్ళు తగ్గాయి. పొద్దున్న వేసిన ప్లాను సాయంత్రానికీ అలాగే నిలబడేది. ఒకసారి సోమవారం లైనుని అరగంట ఖాళీగా ఉంచి మామిడిని ఆలస్యంగా మొదలెట్టమంది. మేష్టారు ఒప్పుకోలేదు. భోజనం మానేసి పెన్సిలుతో లెక్కలేశారు. ట్యాంకరు వచ్చే వేళ, ట్యాంకులో చోటు, మర్నాటి ద్రాక్ష, అన్నీ కలిపి చూసుకుని పెన్సిలు చెవి మీద పెట్టేశారు. "నేనే తప్పు. అదే రైటు" అన్నారు. ఓడిపోయి అంత ఆనందపడిన మనిషిని నేను చూడలేదు. సాయంత్రం అందరికీ బజ్జీలు తెప్పించారు.

వారం మొత్తం ప్లాను బోర్డుకెక్కిన రోజు కూడా ఆయన చేత్తోనే రాశారు. ఆడవాళ్ళు గుంపుగా నిలబడి చదువుతున్నారు. నూకరత్నం వేలు పెట్టి ఒక్కో రోజూ కూడబలుక్కుంది.

"మేస్టారూ, సుక్కురారం లైను లేదని ఇయాలే రాసీసేరేటి?"

"ఊ."

"మారదు కదా?"

"మారదు. మారితే నన్నడుగు."

"అయితే సుక్కురారం మా వరి ఊడుపులు పెట్టుకుంతాను" అంటూ పక్కావిడ భుజం మీద చెయ్యేసి లోపలికి నడిచింది. మేష్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు.

ఆ తరవాత మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. వెళ్ళేటప్పుడు తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, "ఇంక నేను లేకపోయినా ఈ ఫ్యాక్టరీకి జొరం రాదు" అన్నారు. గర్వంగానే అన్నారు. తను లేకపోయినా పని నడిచేలా చేసి వెళ్ళడం చిన్న విషయం కాదని నాకు ఇప్పుడు తెలుస్తోంది. కొత్తగా చేరినవాళ్ళు నన్ను ఏదైనా అడిగితే నేనూ ఒక్క నిమిషమని లైను దగ్గరికి వెళ్ళి చూసొస్తాను. ఆ నడక ఆయనది.

శుక్రవారం మధ్యాహ్నం శారదా నది ఒడ్డున ఆయన్ని సాగనంపారు. మొదటి షిఫ్టు దిగినవాళ్ళు దిగినట్టే వచ్చేశారు. మేం ఆడవాళ్ళం వంతెన మీద నిలబడిపోయాం. మా గుంపుతో దారి మూసుకుపోయింది. చెరకు లోడుతో వచ్చిన ఓ ట్రాక్టరు వెనకాలే ఆగింది. డ్రైవరు హారన్ కొట్టలేదు. ఇంజను ఆపి, కిందకి దిగి, చెప్పులు విడిచి, ఎండకి కాలుతున్న రోడ్డు మీద వట్టి కాళ్ళతో నిలబడ్డాడు. అతను మాకెవరికీ తెలియదు. ఎవరు పోయారని కూడా అడగలేదు. కింద ఒడ్డున పొగ లేచి, నీళ్ళ మీదుగా తోటల వైపు వెళ్ళేదాకా అలాగే చేతులు కట్టుకుని చూస్తూ ఉన్నాడు.