ధాబా పడవకు తెరచాప

మా ఊరి చెరువు నిండి మరవ మీదుగా నీళ్ళు పొర్లినాయని పొద్దున్నే ఎవరో కేకలేసుకుంటా పోతే నేను నమ్మలేదు. పావగడ తాలూకులో పుట్టి పెరిగినదాన్ని. చెరువంటే నాకు సర్కారు తుమ్మచెట్లు, వాటి మధ్యలో గొర్రెలు, ఎండాకాలంలో పిల్లోళ్ళ క్రికెట్టు. అట్లాంటి చెరువులో తుమ్మచెట్ల కొనలు మాత్రం పైకి కనపడేమాదిరి నీళ్ళు నిలిచినాయంటే ఎట్ల నమ్మేది? చెప్పులు చేత పట్టుకోని ఊరంతా కట్ట మీదికి పరిగెత్తినాము. నేను డ్యూటీకి పోవాల్సినదాన్ని. తిరుమణి పక్క సోలార్ ప్లాంటులో ప్యానెళ్ళు కడిగే పని నాది. ఆ పొద్దు పోలేదు.

మా అన్న సంగతి ఆ కట్ట మీదనే మొదలైంది. కాదు, శానా ముందే మొదలైంది, అది చెప్తే గానీ మిగిలింది అర్థం కాదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. వానలు లేని ఏండ్లలో గొర్రెలకు మేత లేక, మా అన్న వయసులో ఉన్నప్పుడు మంగళూరు పక్క సముద్రం కాడికి పనికి పోయినాడు. కొన్నాళ్ళకు తిరిగొచ్చినాడు. వచ్చిన దినం నుంచి ఒకటే మాట, "తెరచాప కట్టి సముద్రంలో పడవ నడిపినాను." టీ అంగడి కాడ చెప్తాడు, పెండ్లి పందిట్లో చెప్తాడు, మనుషులు దొరక్కుంటే గొర్రెలకు కూడా చెప్పింటాడు. ఊర్లో వాళ్ళు కెప్టెన్ అని పేరు పెట్టి ఏడిపిస్తా వచ్చినారు. నమ్మింది నేనొక్కదాన్నే. చిన్నప్పుడు ఆ అలలు, ఆ గాలి కథలు వింటానే నిద్రపోయినదాన్ని. నన్ను ఇదే ఊర్లో ఇచ్చినారు కాబట్టి పెండ్లయినాక కూడా వింటానే ఉండాను.

ఆ పొద్దు కట్ట మీద టీ అంగడాయన అందరి ముందర అందుకున్నాడు. మా అన్నను ఏడిపించేదాంట్లో ఆయనదే మొదటి పీట.

"ఏం కెప్టెన్‌ప్పా, ఇన్నాళ్ళు నీళ్ళు లేవని తప్పించుకుంటివి. ఇప్పుడు చెరువు నిండుండాది. రోడ్డు పక్క ధాబాలో పడవ ఉండాది. తెరచాప కట్టి ఈ కొన నుంచి తూము కాడి దాకా నడిపి చూపీ. చూపిస్తే జన్మలో నిన్ను ఏమీ అనను. చూపీకపోతే ఆ మాట మళ్ళ నీ నోట్లో రాకూడదు."

మా అన్న నీళ్ళ పక్కే చూస్తాండాడు. నాకు ఒళ్ళు మండింది.

"నడుపుతాడు. చూద్దురులే," అన్నాను నేను. మా అన్న నా పక్క తిరిగి చూసిన చూపు ఇప్పటికీ కండ్ల ముందర ఉండాది. అప్పుడు దాన్ని సంతోషం అనుకున్నాను.

ధాబా పడవంటే మా పక్క అందరికీ తెలుసు. హైవే పక్క ఒకాయన ధాబా పెట్టి, అందం కోసమని ఎక్కడో సముద్రపు ఒడ్డు నుంచి పాత కొయ్య పడవను లారీలో తెప్పించి, దాంట్లో టేబులేసి జనాలను కూర్చోబెట్టి రోటీలు తినిపించినాడు. ధాబా మూతపడింది. పడవ ఆడనే ఎండకెండి, కోళ్ళు గుడ్లు పెట్టే తావయింది. ఆయన్ను అడిగితే, "తీసకపోండమ్మా, తావు శుభ్రమవుతాది" అన్నాడు. ట్రాక్టరు ట్రాలీలో ఎక్కించుకోని వస్తాంటే నాకు కాళ్ళు నేల మీద లేవు. మా ఇంటికి కొత్త బండి వచ్చినప్పుడు కూడా అంత సంబరం పడలేదు. పడవ మధ్యలో తెరచాప గడ నిలబెట్టే బొక్క కూడా ఉండాది. దాంట్లో ధాబావాళ్ళు గొడుగు దూర్చినారంట.

దాన్ని మా కళ్ళంలో దించినాము. కళ్ళం అంటే పేరుకే కళ్ళం. భూమి సోలార్‌కు లీజుకిచ్చినాక ఆడ ఒక శెనక్కాయ రాల్చిందీ లేదు, ఒక చాట ఎత్తిందీ లేదు. ఇంక చూడండి మా పని. కోళ్ళ పెంట గోకినాము. పుచ్చిపోయిన రెండు మూడు పలకలు పీకి, ప్యానెళ్ళు ప్యాకింగ్ చేసి వచ్చే చెక్కలు ప్లాంటులో అడిగి తెచ్చి కొట్టినాము. సందుల్లో దూర్చేదానికి మా అమ్మ పాత కంబళి ఒకటి విప్పి ఉన్ని ఇచ్చింది. రోడ్డు పనివాళ్ళు వదిలిపెట్టిన డ్రమ్ములో అడుగున మిగిలిన తారును కాచి పూసినాము. గడకు షామియానా వాళ్ళు పక్కన పారేసిన వెదురు బొంగు. తెరచాపకు, ఒకప్పుడు శెనక్కాయలు ఆరబోసిన టార్పాలు. ఎలుకలు కొట్టిన తావుల్లో నేను గోనెలు కుట్టే దబ్బనంతో అతుకులేసినాను. చేతికి రక్తం వచ్చినా నాకు తెలియలేదు, అంత ఊపులో ఉండాను. డ్యూటీ నుంచి రావడమే, గ్లౌజులు విసిరేసి పడవ కాడికి.

ఒక పని మాత్రం అందరం ఒక మాట మీద చేసినాము. పడవను బాగా ఎండబెట్టినాము. మెట్టభూముల వాళ్ళము, మాకు చేతనయ్యేది అదే. శెనక్కాయ కానీ, రాగులు కానీ, చింతపండు కానీ, తేమ ఉంటే చెడిపోతాదని చిన్నప్పటి నుంచి తెలుసు. కాబట్టి ఈ పక్క ఎండినాక ఆ పక్క తిప్పి, కాయ గలగలమనేదాకా ఎండబెట్టినట్ల ఎండబెట్టినాము. మా అన్న కూడా "ఇంకా రవ్వంత ఎండనీ" అన్నాడు.

ఊరంతా చూస్తాంటే కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి తోసినాము. మా అన్న ఇంకా కాలు పెట్టనేలేదు. ఎక్కడెక్కడి సందుల నుంచో నీళ్ళు బుడబుడమని లోపలికొచ్చినాయి. ఉన్ని, తారు ఉండినట్లే ఉండాయి, వాటి పక్కనుంచే జల్లెడ మాదిరి కారతాండాది. చూస్తా చూస్తానే పడవ మోకాలి లోతు నీళ్ళలో కూర్చునేసింది. కట్ట మీద నగిన నగులు పావగడ కొండ దాకా వినపడింటాయి. టీ అంగడాయన, "కెప్టెన్‌ప్పా, ఇది సబ్‌మెరీనా?" అన్నాడు. నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చినాయి. చీర చెంగు దోపి, పడవను బయటికి ఈడ్చేదానికి నీళ్ళలోకి దిగినాను.

మా అమ్మ కట్ట మీద నుంచి అరిచింది. "ఈడ్చొద్దు. ఆడనే ఉండనీ. ఎండిన బండి చక్రాన్ని ఏం చేస్తాండ్రి మీ నాయన? నీళ్ళలో వేస్తా ఉండలేదా?"

నిజమే. కట్టె చక్రాల ఎద్దుల బండి ఉన్న కాలంలో, ఎండలకు చక్రం ఆకులు వదులైతే మా నాయన చక్రాన్ని ఊడదీసి నీళ్ళ తొట్లో నానబెట్టేది. కొయ్య ఉబ్బి, ఎక్కడిదక్కడ బిగుసుకునేది. ఇంట్లో ఉన్న తెలివిని గాలికొదిలి పడవకు ఎండ పెట్టినాము మేము. మళ్ళ ఈడ్చలేదు. దాంట్లో రాళ్ళు వేసి, నిండా మునగదొబ్బి, ఇంటికొచ్చేసినాము. పడవను బాగుచేసినోళ్ళను చూసింటారు గానీ ముంచి ఇంటికి పోయినోళ్ళను చూసిండరు. సముద్రంలో పనిచేసిన మనిషికి ఈ సంగతి ఎట్ల తెలియలేదో అని ఆ రాత్రి ఒక్క క్షణం అనిపించింది. మర్చిపోయింటాడులే అనుకోని పండుకున్నాను.

ఆ వారమంతా ప్లాంటులో ప్యానెళ్ళు కడుగుతాంటే నా మనసంతా చెరువులోనే. వారం గడిచినాక రాళ్ళు తీసి, నీళ్ళు తోడి చూస్తే, యప్పా, ఏం చెప్పేది. సందులన్నీ మూసుకుపోయి తారు బయటికి ఉబికొచ్చింది. అరచేత్తో తట్టితే గట్టి చప్పుడు. నీళ్ళ మీద తేలి అటూ ఇటూ ఊగుతాంటే నేను నీళ్ళలో నిలబడే చప్పట్లు కొట్టినాను. మా అన్న మాత్రం నవ్వలేదు.

మళ్ళ ఆదివారం. మళ్ళ ఊరంతా కట్ట మీద. గాలి కట్ట మీద నుంచి చెరువు లోపలికి తోలతాండాది. లోపలంటే తుమ్మచెట్లు, ముండ్లు. తూము కట్ట వెంబడే, ఆ కొనలో. గాలి తోసిన పక్కకు పోతే ముండ్లలో పడి టార్పాలు చిరగాల్సిందే. మా అన్న ముందర, నేను వెనక తెడ్డు పట్టుకోని కూర్చున్నాము. టార్పాలు పైకి లాగినాము. అది పటపటమని కొట్టుకోని, ఒక్కసారి గాలి పట్టింది. పడవ తుమ్మచెట్ల పక్కే పరిగెత్తింది.

"అన్నా, తిప్పన్నా," అన్నాను.

మా అన్న తాడును పట్టుకోని బిగుసుకుపోయినాడు. నా పక్క తిరిగి, కట్ట మీద వాళ్ళకు వినపడకుండా చెప్పినాడు.

"పాపా, నాకు తెలీదు. నేను ఆడ చేపలకు ఐసు పగలగొట్టే పని చేసినాను. ఒడ్డున్నే. పడవ ఎక్కిందే లేదు."

ఆ మాట విని వాడిని చెరువులోకి తోసేద్దామనేంత కోపం వచ్చింది. ఇన్నేండ్లు నమ్మిన మొగం నాది. కానీ కోప్పడేదానికి కూడా టైం లేదు, ముండ్లు దగ్గరికొస్తాండాయి. కట్ట మీద ఊరుండాది. ఈ మనిషి మాట ఈ పొద్దుతో పోతాది, దాన్ని పందెం కాసింది నేను.

"తాడు ఇట్లియ్యి," అన్నాను.

తాడు చేతికి రాగానే నాకు ఒకటి తెలిసింది. గాలి నా వీపుకు తగులుతాండాది. ఈ గాలి నాకు తెలుసు. పెండ్లి కాకముందు నుంచి కళ్ళంలో రాగులు తూర్పెత్తినదాన్ని. తూర్పెత్తేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడితే పొట్టు మొగాన పడతాది, వీపు పెడితే గాలికి మనమే అడ్డమవుతాము. పక్కగా నిలబడాల. చాటను రవ్వంత వాల్చి, గాలి బలమైతే చేయి దించి, తగ్గితే ఎత్తాల. నేను తెడ్డును గట్టిగా ఒక పక్కకు నెట్టి పడవను గాలికి పక్కగా తెచ్చినాను. గాలి ఇప్పుడు కుడి చెంపకు తగిలింది. టార్పాలును చాట మాదిరి వాల్చినాను. తాడు రవ్వంత వదిలినాను. పటపటలు ఆగిపోయినాయి. పడవ ఒకసారి ఒరిగి, లేచి, కట్ట వెంబడి సూటిగా పోయింది.

నా ఒళ్ళంతా పులకరించింది. ముండ్లు పక్కనుంచి దాటిపోతాండాయి, అడుగున నీళ్ళు సర్రుమంటాండాయి. గాలి ఎక్కువైతే నా చేయి దానంతట అదే తాడు వదుల్తాండాది. భూమి మీద ప్యానెళ్ళు పరిచినాక ఈ చేతులకు గాలితో పనే లేకుండా పోయుండాది. ఆ పొద్దు మళ్ళ దొరికింది. నేను నగుతాండాను, ఏడుస్తాండాను కూడా. మా అన్న వెనక్కు తిరిగి నోరు తెరుచుకోని నన్నే చూస్తాండాడు.

తూము కాడ ఒడ్డుకు తగలగానే కట్టంతా ఒకటే ఈలలు. మా అన్నను భుజాల మీదికి ఎత్తినారు. టీ అంగడాయన వచ్చి వాడి చేయి పట్టుకోని, "ఓడిపోతినప్పా. నిజంగానే కెప్టెన్‌వి. ఇంక నిన్ను ఏమీ అనను" అన్నాడు. వాడి మాట నిలబడింది కదా, చాలు అనుకున్నాను.

మా అన్న మాత్రం దించమన్నాడు. దిగినాడు. అందరికీ వినపడేట్ల చెప్పినాడు. "నడిపింది నేను కాదు. నేను ఆడ ఐసు పగలగొట్టినోణ్ణి. ఇన్నేండ్లు అబద్ధం చెప్పినాను. నడిపింది ఈ పాప, నా చెల్లెలు."

అందరూ పకపకమని నగినారు.

"ఇంకో కథ మొదలుపెట్టినాడు కెప్టెన్," అన్నాడు టీ అంగడాయన. "ఆడమనిషి నడిపిందంట, ప్యానెళ్ళు కడిగే మనిషి."

మా అన్న "నిజమప్పా, నిజం" అంటా ఒక్కొక్కరి మొగం చూస్తాండాడు. ఎవరూ నమ్మలేదు. కట్ట మీద నుంచి వాళ్ళకు టార్పాలు కనపడింటాది గానీ, తాడు ఎవరి చేతిలో ఉండాదో కనపడిండదు. ఇన్నేండ్లలో వాడు చెప్పిన మొదటి నిజం అది. వాడి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. అది చూసి నా కోపమంతా ఎక్కడ పోయిందో తెలియదు. అది పోయి ఇంకో కోపం వచ్చింది.

పడవ కాడికి పోయి దాని మూతిని వచ్చిన పక్కకు తిప్పినాను. "అన్నా, నువ్వు ఈడనే నిలబడు. అందరికీ కనపడే తావులో నిలబడు," అని చెప్పి ఒక్కదాన్నే ఎక్కినాను. తాడు చేతికి చుట్టుకోని, ఈసారి గాలి ఎడమ చెంపకు తగిలేట్ల కూర్చున్నాను. టార్పాలు నిండింది.

సగం దూరం పోయినాక వెనక్కు తిరిగి చూసినాను. కట్ట మీద ఒక్కరూ నగడంలేదు. టీ అంగడాయన చేతులు కట్టుకోని నిలబడుండాడు. ఆయన పక్కన మా అన్న, చేయి బారుగా చాపి నన్ను చూపిస్తాండాడు.