గాజు గొట్టం వెనక ఎర్ర గీత

మ్యూజియంలో ఆవిరి ఇంజను పెడుతున్నాం, ఇంజన్లో బొగ్గేసిన పాత ఫైర్‌మన్‌గా మీరొచ్చి లోపల తుడిచే పద్ధతి చూపించండి అని ఫోన్ వచ్చింది. ఇంజను నంబరు చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మాది. మాదంటే నాదీ, మా డ్రైవరుదీ. ఆయనది మాచర్ల. నేను భాయ్ అనేవాణ్ణి. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

నడికుడిలో మా ఇంట్లో ఇప్పుడు నేనూ, టీవీ. మా ఆవిడ పోయాక బొగ్గు బండి కబుర్లు వినే చెవి ఒక్కటీ మిగల్లేదు. భాయ్ ఫొటో ఒక్కటైనా నా దగ్గర లేదు. ఆయన చేతి గుర్తు నాకు తెలిసి ఒక్కటే ఉంది. బాయిలర్లో నీళ్లెంత ఉన్నాయో చూపే గాజు గొట్టం వెనక, ఇత్తడి రేకు మీద, ఆయన గీసిన ఎర్ర గీత.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కబుర్లలో పడి నీళ్లు బాగా తగ్గిపోనిచ్చాను. భాయ్ నెత్తిన ఒక్కటిచ్చి, ఎర్ర రంగు తెచ్చి గీత గీశాడు.

"ఒరేయ్, నీళ్లు ఈ గీత దిగినయ్యా, బాయిలర్ పేలి ఇద్దరికీ నూకలు చెల్లినట్టే. ఏందిరా ఆ చూపు? బొగ్గెయ్!"

ఆ గీత చూసుకోవడానికే రైలెక్కాను. ఇటుక పొడి ఇంటి దగ్గరే దంచి పొట్లం కట్టుకున్నాను. మ్యూజియంలో ఇంజనెక్కి చూస్తే రేకంతా మసి. పైపైన తడిగుడ్డతో తుడుద్దామనే అనుకున్నాను. కానీ డ్యూటీ ఎక్కగానే ఇత్తడి తోమడం మాకు అలవాటు. చెయ్యి నా మాట వింటేగా! కిరసనాయిల్లో గుడ్డ ముంచింది, ఇటుక పొడి అద్దింది, అదిమి తోమింది. గుడ్డకు ఎరుపు అంటుతుంటే ఇటుక పొడే కదా అనుకున్నాను.

రేకు తళతళలాడింది. గీత లేదు.

"భలే మెరుస్తోంది తాతా!" అంది అక్కడి ఇన్‌ఛార్జి అమ్మాయి.

ఆ అమ్మాయినే ఎర్ర రంగు అడిగాను. పాపం, వెంటనే బ్రష్షుతో సహా తెచ్చిచ్చింది. బ్రష్షు ఎత్తాను. ఎక్కడ గీయను? నీళ్లు చూసుకోవడం ఫైర్‌మన్ పని. నేనేమో ఏనాడూ ఆ గీత వంక సరిగ్గా చూడలేదు. "నీళ్లురా!" అని భాయ్ అరిస్తే ఎక్కించేవాణ్ణి. ఆయన ఉన్నాడుగా, నాకెందుకు అనుకున్నాను. సిగ్గులేని వెధవని.

బ్రష్షు తిరిగిచ్చేశాను.

"ఏమైంది తాతా?"

"ఎక్కడ గియ్యాల్నో నాకు తెలవదమ్మా. తెలిసినాయన లేడు."

తిరుగు రైల్లో సత్తెనపల్లి దాటేదాకా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పక్కనున్నాయన కంట్లో నలుసు పడిందా అని అడిగితే ఔనన్నాను.

ఆ గుడ్డ ఇంటికి తెచ్చుకున్నాను. దాని నిండా ఎరుపే. అందులో ఇటుక ఎంతో, భాయ్ గీత ఎంతో నాకు తెలియదు. అందుకే ఉతకలేదు.