తాజుద్దీన్ పెట్టిన స్విచ్చు

కోస్గిలో మా వాడకట్టున ఏ ఇంట్లోనైనా, ఎందుకున్నదో ఎవరికీ తెలియని స్విచ్చు కనిపిస్తే అది తాజుద్దీన్ పెట్టిందే. రేడియోలు, ఫ్యాన్లు బాగుచేసే ఈ మనిషి చెడింది బాగుచేసి ఊరుకోడు. పోతూ పోతూ గోడకు ఒక స్విచ్చు బిగించి మరీ పోతాడు. మా ఇంట్లో లైట్లు నాలుగు, స్విచ్చులు పదమూడు.

"గిదెందుకు తాజుద్దీనూ?" అని అడిగితే ఒకటే జవాబు: "ఉండనీ అక్కా, అవసరం పడ్తది."

మా రోలు పక్కన కూడా ఒకటి పెట్టాడు. అదెందుకో తెలుసుకోకుండా నేనుండగలనా? ఒకనాడు పట్టుబట్టి పదిసార్లు వేశాను, పదిసార్లు తీశాను. పక్కింటి భిక్షపతి చెమటలు కక్కుకుంటూ బయటికి ఉరికొచ్చాడు.

"అవ్వా! మా ఫ్యాను తిరుగుతాంది, ఆగుతాంది, మల్ల తిరుగుతాంది! దయ్యం గిట్ల పట్టిందా?"

రెండేళ్ల కింద, తొంభై అయిదులో మా ఇంటికి ఫోను వచ్చింది. వాడకట్టు మొత్తానికి అదే పీపీ నంబరు. ఎవరి చుట్టాలైనా మాకే చేసేవారు. నేను గోడ మీదుగా కేకేస్తే వాళ్లొచ్చి మాట్లాడేవారు. నేను పక్కనే కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని. ఆ ఏడాది మా ఇంటి అన్నంలో ఒక్క రాయి తగల్లేదు.

ఎదురింటి హుస్సేన్ బీకి మోకాళ్ల నొప్పులు. బిడ్డ వజీరా షోలాపూర్‌లో అత్తగారింట్లో ఉంది, తొలిచూలు. ఆ పిల్ల ఫోను చేస్తే, తల్లి గోడ పట్టుకుని గల్లీ దాటి వచ్చేసరికి లైను పోయేది. దొరికిన రోజైనా నేనూ, ఇంకో నలుగురూ చూస్తుండగా ఏం మాట్లాడుతుంది? "మంచిగున్న బేటా. తిన్నవా?" అంతే. పెట్టేశాక కాసేపు ఫోను మీద నుంచి చెయ్యి తీసేది కాదు.

"ఎనిమిదో నెల వడ్డది. కాన్పుకు తోల్కరావా?" అని అడిగాను.

"అత్తోళ్లు పంపరంట పుల్లమ్మా. ఏం కష్టమున్నదో, పిల్ల సక్కగ చెప్తలేదు" అని కళ్లు తుడుచుకుంది.

ఆ మాట తాజుద్దీన్ చెవిన పడింది. "అక్కా, నీ లైనుకే ఇంకో ఫోను కడ్త. నీ ఇంట్ల ఒకటి, ఆమె ఇంట్ల ఒకటి. టెలిఫోన్ దఫ్తర్ల అర్జీ నేనే పెడ్త."

నేను వెంటనే సరేనన్నాను. ఆమె అక్కడ మాట్లాడుతుంటే నేనిక్కడ ఎత్తి వినొచ్చు. బియ్యం ఏరే శ్రమ కూడా తప్పుతుంది.

తీగ లాగిన రోజు గల్లీ అంతా పోగైంది. స్తంభం నుంచి తీగ ముందు హుస్సేన్ బీ ఇంటికి పోయి, అక్కడినుంచి మా ఇంటికి వచ్చింది.

"గింత సుట్టు తిప్పుడెందుకు?"

"ఫికర్ చెయ్యకక్కా, మంచిగ పన్జేస్తది."

హుస్సేన్ బీ గోడకు స్విచ్చు కూడా బిగించాడు. నేను లెక్కచేయలేదు. బిగించకపోతే కదా వింత!

సాయంత్రం నాలుగింటికి రెండిళ్లలో రెండు ఫోన్లూ ఒక్కసారే గణగణ మోగాయి. గల్లీలో ఈలలు, చప్పట్లు. తాజుద్దీన్ టోపీ గాల్లోకి ఎగరేశాడు. నేను చటుక్కున ఎత్తి చెవికి అదుముకున్నాను.

"అమ్మీ?" అంది వజీరా.

"బోల్ బేటా" అంది తల్లి.

టక్కుమంది. ఆ తర్వాత చీమ నడిచిన చప్పుడు కూడా లేదు.

బయటికి ఉరికాను. "తాజుద్దీనూ! నీ పని మన్నుగాను! నా ఫోను సచ్చింది!"

"సావలేదక్కా. ఆమె స్విచ్చేసింది. ఆమె మాట్లాడినంత సేపు నీది బంద్. అయినంక తీస్తది, నీది నీకొస్తది."

"నా ఇంట్ల నా ఫోను బందా? ఎవర్నడిగి పెట్టినవ్?"

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇన్నాళ్ల సంది జూస్తున్న అక్కా. ఆమె ఫోన్ల మాట్లాడుతలేదు, మీటింగుల మాట్లాడుతున్నది. తల్లీబిడ్డలకు జర జాగా గావాలె గద. అడిగితే నువ్వొద్దంటవని అడగలే."

"నేనొద్దంటనా?"

"అనవా?"

ఒక్క క్షణం ఆలోచించాను. "అంట" అన్నాను.

హుస్సేన్ బీ కిటికీ వైపు ఊరికే రెండడుగులు వేశాను. తాజుద్దీన్ నిచ్చెన తెచ్చి నాకు అడ్డంగా పెట్టాడు.

పావుగంటకు హుస్సేన్ బీ తన గడపలోకి వచ్చింది. గోడ పట్టుకోవడం కూడా మరిచిపోయింది.

"పుల్లమ్మా! వస్తాంది! ఐతారం అల్లుడే తోల్కొస్తడంట!"

"మరి అత్తోళ్లు?"

"అత్తోళ్లు ఎన్నడొద్దనలేదంట! నా మోకాళ్లకు చాకిరైతదని అదే రానన్నదంట. తిట్టిన! పావుగంట కడుపునిండ తిట్టిన!"

గల్లీ అంతా నవ్వింది. ఆదివారం వజీరా బస్సు దిగింది. మగపిల్లాణ్ణి కన్నది. వాడికిప్పుడు మాటలు కూడా వస్తున్నాయి.

ఆ పావుగంటలో ఏమేం తిట్లు తిట్టిందో మాత్రం హుస్సేన్ బీ చెప్పదు. నేనింకా అడుగుతూనే ఉన్నాను.