నేను రాసిచ్చిన మాట

క్రోసూరు దగ్గర ఒక హైస్కూల్లో నేను తెలుగు చెప్పేదాన్ని. నరసరావుపేట నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. సైనికుల కుటుంబాల సహాయం కోసం చందాలు పోగుచేసే పతాక దినం డిసెంబరులో వస్తుంది. పిల్లలకు చిన్న కాగితపు జెండాలు పంచి, వాళ్లు తెచ్చిన డబ్బు డబ్బాలో వేయించి పై ఆఫీసుకు పంపాలి. ఆ పని ఏటా నాకే పడేది. పిల్లలు చిల్లర వేసి, జెండా జేబుకు గుచ్చుకుని, మధ్యాహ్నానికి పారేసేవాళ్లు.

ఒక సంవత్సరం ఎనిమిదో తరగతిలో కొత్తగా ఒక అమ్మాయి చేరింది. వాళ్ల నాన్న జవాను. అంతకుముందు వేసవిలో సరిహద్దు దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. తల్లి ఎకరం మిరప చేను, ఒక గేదెను చూసుకుంటూ ఇద్దరు పిల్లలను పెంచుతోంది. ఆ అమ్మాయి విషయం తెలియగానే నాకు కలిగిన ఆలోచన చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఈ పిల్ల ప్రార్థనలో నాలుగు మాటలు మాట్లాడితే ఈసారి చందా బాగా వస్తుంది అనుకున్నాను.

స్టాఫ్ రూముకు పిలిచి, మీ నాన్న చివరిసారి నీతో ఏం మాట్లాడాడు అని అడిగాను. ఆ రోజు తల్లి చేనుకు వెళ్లిందట, ఫోను తనే తీసిందట.

"గేదె ఈనిందా అని అడిగాడు టీచర్. దూడను ఫోటో తీసి పంపమన్నాడు" అంది.

ఇంకేమన్నాడని రెట్టించి అడిగాను. ఇంకేమీ అనలేదంది. గేదె సంగతి చెబితే పిల్లలు నవ్వుతారని నా భయం. కాగితం తీసుకుని నేనే రాశాను. "నేను రాకపోయినా మీ అమ్మను ఏడవనీయకు తల్లీ. దేశమంతా మీకు తోడుంటుంది" అని నాన్న ఫోనులో చెప్పినట్టు రాసి, బట్టీ పట్టమన్నాను.

ఆ అమ్మాయి కాగితం చదువుకుని, "మా నాన్న అట్టా అనలేదు టీచర్" అంది.

"అన్నట్టు చెబితే బాగుంటుందిలే" అన్నాను.

మర్నాడు మైకు ముందు చెప్పింది. చివరి మాట దగ్గర గొంతు పోయింది. పిల్లలు ఏడ్చారు, మాస్టార్లు కళ్లు తుడుచుకున్నారు. హెడ్మాస్టరు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం బస్సులో నేను చాలా సంతోషంగా ఇంటికి వచ్చాను.

తర్వాతి సంవత్సరం మళ్లీ అడిగితే, ఈసారి వద్దు టీచర్ అంది. మీ నాన్న పేరు నిలబడే పని కదా అని ఒప్పించాను. ఈసారి ఎక్కడా తడబడలేదు. గొంతు కూడా పోలేదు. పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. కాస్త ఆగి ఆగి చెప్పాల్సిందని నేను తర్వాత సలహా కూడా ఇచ్చాను.

పదో తరగతిలో పతాక దినానికి ముందు రెండు రోజులు ఆ అమ్మాయి బడికి రాలేదు. పబ్లిక్ పరీక్షల పిల్ల కదా అని ఆటో ఎక్కి వాళ్ల ఊరు వెళ్లాను. పరీక్షలనేది పైకి చెప్పుకున్న కారణం. మర్నాడు మైకు ముందు ఎవరు మాట్లాడతారన్నదే నా అసలు దిగులు.

తల్లి నన్ను చూసి కంగారుగా కుర్చీ వేసింది. ఎదురుగా గోడమీద ఏసు పటం, దాని పక్కన యూనిఫాంలో ఆ అమ్మాయి నాన్న ఫోటో. ఫోటో కింద నల్లటి అక్షరాలతో ఒక వాక్యం అచ్చువేసి ఉంది. అది నా వాక్యం. అక్షరం పొల్లుపోలేదు.

నేను చూస్తున్నది చూసి ఆమె చెప్పింది. "ఆయన చివరిగా అన్న మాట టీచరమ్మా. గేదె సంగతే అడిగాడని నాకు చెప్పిందీ పిల్ల. నేను ఏడుస్తానని అసలు మాట దాచిందంట. బళ్లో చెప్పిందని ఊళ్లో వాళ్లు అంటే తెలిసింది. ఆఖరి గడియలో కూడా నన్ను తలుచుకున్నాడు గదా. నాకు చానా ధైర్యం అది."

అమ్మాయి లోపలి గుమ్మం దగ్గర నిలబడి నా ముఖం వంక చూస్తోంది. ఇప్పుడే చెప్పాలి, ఆ మాట నాదని చెప్పాలి అనుకున్నాను. ఆమె మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. మాట్లాడే అవసరం లేకుండా ఆ మజ్జిగ మొత్తం తాగాను. తర్వాత పరీక్షల గురించి ఏదో చెప్పి లేచాను.

అమ్మాయి నన్ను సాగనంపడానికి రోడ్డు దాకా వచ్చింది. నేను తప్పు చేశానమ్మా అనబోయాను. అంతలో తనే అంది.

"మా అమ్మకు చెప్పొద్దు టీచర్. తను ఆ మాట నమ్ముకునుంది. నేను బడికి వస్తాను గానీ, నా చేత అది మళ్లీ చెప్పించొద్దు. నాన్న గొంతు గుర్తుచేసుకుందామంటే మీరు రాసిందే వినపడుతోంది."

పదిహేనేళ్ల పిల్ల అది. నేను రాసిన అబద్ధాన్ని తల్లి కోసం మోస్తోంది, నన్ను కూడా కాపాడుతోంది. సరేనన్నాను. క్షమించమని అడగలేదు. ఆటో వస్తే ఎక్కాను.

మర్నాడు హెడ్మాస్టరు ఆ అమ్మాయి మాట్లాడదా అని అడిగితే, గొంతు బాగాలేదట అన్నాను. నిజం చెప్పే అవకాశం అక్కడా వదులుకున్నాను. మైకు లేకుండానే డబ్బా తరగతులకు తిప్పాం. ఆ మరుసటి ఏడు ఈ పని ఇంకెవరికైనా ఇవ్వమని అడిగాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు నరసరావుపేటలో ఇంటర్ చదువుతోంది. మొన్న బస్టాండులో వాళ్లమ్మ కనబడింది, కూతుర్ని చూడటానికి వచ్చిందట. నా చేయి పట్టుకుని, బిడ్డకు నాలుగు మాటలు నేర్పింది మీరే అంది, ఒకసారి ఇంటికి వచ్చి పొమ్మంది. వస్తానన్నాను. ఇంతవరకూ వెళ్లలేదు.